పాలు పలిగినయ్ మేడం

అన్న సచ్చిపోయిండని నాకు వాట్సాప్‌ల తెలిసింది. మా పాత స్టాఫ్ గ్రూపుల ఒకాయన ఫోటో పెట్టి, కింద "మన బ్రాంచిల చాయ్ తెచ్చేటాయన, నిన్న పోయిండు" అని రాసిండు. వరుసగ నలుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టిన్రు. ఐదో మెసేజి ప్రమోషన్ల లిస్టు. ఇగ అందరు ఒకరికొకరు కంగ్రాట్స్ చెప్పుకునుడే. పావుగంటల అన్న ఫోటో ఎటు పోయిందో, పైకి జరుపుకుంట పోయి ఎతుక్కోవాల్సొచ్చింది.

ఆ గ్రూపుల అన్న లేడు. అది స్టాఫ్ గ్రూపు. అన్న స్టాఫ్ కాదు. ఇరవై ఏండ్లకు పైన, పొద్దుగాల అందరికన్న ముందొచ్చి షట్టరు లేపి, పొద్దుమీకి అందరు పోయినంక దించినోడు స్టాఫ్ కాకుంట ఎట్లుంటడు అని మీరడగొచ్చు. ఉంటడు. ఎట్లుంటడో చెప్పేటందుకే ఇది రాస్తున్న.

ఆ గ్రూపుల ఒక్కరు గూడ ఆయన పేరు రాయలే. నేను గూడ రాస్తలేను. వాళ్ళు యాదికి లేక రాయలే. నేను యాదికుండి గూడ, రాసే మొఖం లేక రాస్తలేను. ఆ సంగతి గూడ చెప్త, జర ఆగుండ్రి.

పెద్దవంగర అవతల ఒక ఊరు. ఊరి పేరు వద్దు, మా బ్యాంకోళ్ళు చదివితె గుర్తువడ్తరు. పాలకుర్తిల బస్సు దిగి, ఆటోల ఇరుక్కుని పోవాలె. నేను మేనేజరుగ పోయిన మొదటి బ్రాంచి అది. మేనేజరంటె పెద్దగ అనుకునేరు. నేను, ఒక క్యాషియరు, ఒక క్లర్కు, ముగ్గురమే. ఇగ అన్న.

అప్పటికి ఆయనకు నలభై ఉంటయేమో. బక్కపలుచటి మనిషి. భుజం మీద ఎప్పుడు ఒక గళ్ళ తువ్వాల. ఆ తువ్వాలతోనే కౌంటరు తుడుసుడు, దాంతోనే మొఖం తుడుసుడు, పాస్‌బుక్కులు కొట్టే మిషన్ ఆగిపోతె దాంతోనే దాని నెత్తి మీద ఒకటి చరుసుడు. ఇంజినీరొచ్చి విప్పి బిగించినా నడవని మిషన్ తువ్వాల దెబ్బకు నడిచేది. లాకరు గదిలకు పోయేటప్పుడు చెప్పులు బయట ఇడిచేటోడు. "అది గుడి కాదన్నా" అంటె, "మంది పానమంత అండ్లనే ఉన్నది కద మేడం" అనేటోడు.

కుర్చీల ఎన్నడు కూసునేటోడు కాదు. జనరేటరు పక్కన చిన్న సిమెంటు గద్దె ఉండేది, ఆడ్నే కూసునుడు, ఆడ్నే సద్ది తినుడు. "కుర్చీల కూసోరాదే" అని నేనెన్నిసార్లు అన్ననో. "ఆర్డరు రానియ్యుండ్రి మేడం, ఆర్డరొచ్చిన్నాడు కూసుంట" అని నవ్వేటోడు. ఆర్డరంటె పర్మనెంట్ ఆర్డరు. వచ్చిన ప్రతి మేనేజరు "ఈ ఏడు కాకుంటె వచ్చే ఏడు" అని చెప్పి ట్రాన్స్‌ఫరై పోయినోడే. అన్న బతుకంత ఆ ఒక్క కాగితం కోసం ఎదురుచూసుడే అయింది. ఇంకేం అడగలే ఆ మనిషి ఎవ్వర్ని.

నాకు చార్జి ఇచ్చిన రోజు పాత మేనేజరు సారు తాళాలు, రిజిస్టర్లు, స్టాంపులు అన్ని అప్పజెప్పి, పోయేముందు గొంతు తగ్గించిండు.

"అమ్మా, రెండు సంగతులు మనసుల పెట్టుకో. ఎవరన్న లోనుకొచ్చి నీ ముందట కూసున్నప్పుడు అన్న చాయ్ తెచ్చిండనుకో, ఇయ్యి. 'పాలు పలిగినయ్' అన్నడనుకో, ఎంత పెద్దోడైనా ఇయ్యకు."

"గిదేం పద్ధతి సార్?"

"పద్ధతి గిద్ధతి నాకు తెల్వదు. నా ముందటాయన నాకు చెప్పిండు. నేనొక్కసారి ఇనలే. నేనిచ్చిన వాటిల ఆ ఒక్కటే మునిగింది."

"మరి రెండో సంగతి?"

"అది కూలి వోచర్లది. ఆయననే చెప్తడు తియ్యి."

నేను లోపల నవ్వుకున్న. రిస్కు మీద లావు లావు పుస్తకాలు చదివి, పరీక్షలు రాసి పాసైనదాన్ని. ఏ లోను వస్తది, ఏ లోను మునుగుతది, ముందే ఎట్ల పసిగట్టాలె అన్నది అండ్ల గీతలు గీసి మరీ చెప్పిన్రు. చాయ్ పాలను చూసి లోనిచ్చుడేంది నా బొంద అనుకున్న.

నెల తిరగకముందే పాలు పలిగినయ్. తెల్లబట్టలు, నాలుగు వేళ్ళకు నాలుగు ఉంగరాలు, ఎనుక ఇద్దరు మనుషులు. మండలంల భూములున్న ఇంటాయన, పార్టీల తిరిగేటాయన. రైసుమిల్లు పెడ్తడట, పెద్ద లోను కావాల్నట. కాగితాలు ఒక్కటి తక్కువ లేవు. నాకే నోరూరింది. ఆ ఏడు నా మీద రుద్దిన టార్గెట్ల సగం ఆయన ఒక్కనితోనే తీరిపోతది. "అన్నా, చాయ్" అని కేకేసిన.

అన్న తలుపు కాడ నిలవడి లోపలికి తొంగి చూసిండు. తువ్వాలతోని చేతులు తుడుచుకున్నడు.

"పాలు పలిగినయ్ మేడం."

ఆ పెద్దమనిషి పకపక నవ్విండు. "ఏందమ్మా, ఎన్కట సారున్నప్పుడు గదే, ఇప్పుడు గదే. నేనెప్పుడొచ్చినా మీ బ్యాంకుల పాలు పలుగుతయేంది? మా ఇంట్ల బర్లున్నయ్, ఒకదాన్ని పంపియ్యాల్నా?"

నేను గూడ నవ్వి, కాగితాలు పైకి పంపాలె, చూద్దాం అని చెప్పి సాగనంపిన. ఆయన కారు పోంగనే అన్నను పిలిచి గట్టిగ అడిగిన, ఎందుకు పలిగినయో చెప్పమని.

"నిరుడు ఆయనింట్ల బర్లు వట్టిపోయినప్పుడు, మా వాడకట్టు ఆమె ఆర్నెల్లు పాలు పోసింది మేడం. పైసలడిగితె కుక్కను ఇడిసిండు. పాలామెకు ఇయ్యనోడు బ్యాంకుకిస్తడా?"

నేను ఇయ్యలే. ఆయన వేరే కాడ తెచ్చుకున్నడు. మిల్లు లేదు, మిల్లుకు పునాది లేదు. ఆయనకు ఇచ్చిన మేనేజరు తర్వాత సస్పెండై, నాకు ఫోన్ చేసి, "నువ్వెట్ల తప్పించుకున్నవ్ తల్లీ, ఏం చూసినవ్" అని అడిగిండు. ఏం చెప్పాలె నేను? పాలు పలిగినయని చెప్పాల్నా?

పలిగిన పాలే కాదు, అడగకుంటనే వచ్చిన చాయ్ గూడ ఉండేది. ఒకనాడు కౌలుకు చేసుకునే ఒకామె వచ్చింది. మొగడు లేడు, సొంత భూమి లేదు, కౌలుకు కాగితం లేదు. రూలు ప్రకారం చూస్తె ఆమెను కుర్చీల కూసోవెట్టుడే దండుగ. నేను లేదని చెప్పేలోపట్నే అన్న రెండు చాయ్‌లు తెచ్చి, ఒకటి ఆమె ముందట పెట్టిండు. పక్కన రెండు బిస్కెట్లు. ఆమె సిగ్గుతోని సచ్చిపోయింది. "నాకెందుకన్నా" అని శానాసేపు గ్లాసు ముట్టలే. మహిళా సంఘం తరఫున ఆమెకు రెండు బర్లకు ఇచ్చిన. ప్రతి నెల ఒకరోజు ముందే వచ్చి కట్టిపోయేది.

ఊళ్ళల్లకు ఎంక్వైరీకి పోతె అన్న మోపెడ్ మీద ఎనుక కూసుండి పోయేదాన్ని. ఎవరింటికి పోయినా ముందుగాల మంచినీళ్ళు అడిగేటోడు. దూపై కాదు. రెండు గుటకలు తాగి మిగిలింది చెట్టు మొదట్ల పోసేటోడు. నాలుగైదు ఇండ్లు తిరిగినంక నాకు చిరాకొచ్చింది. "ఏందన్నా ఈ నీళ్ళ కథ?"

"నీళ్ళు తెచ్చినామెను చూడుండ్రి మేడం. ఇచ్చి ఆడ్నే నిలవడి మన మాట ఇన్నదనుకో, అప్పు సంగతి ఆమెకు ఎరుకే. ఇంటామెకు ఎరుకున్న అప్పు తీరుతది. నీళ్ళిచ్చి లోపలికి పోయిందనుకో, మొగడు చెప్పకుంట తీస్తుండు. గది మునుగుతది."

నేను చదివిన పుస్తకాలల్ల ఈ ముక్క యాడ లేదు. ఇప్పుడు నేను జనగామ ఆఫీసుల కొత్త ఆఫీసర్లకు క్లాసులు చెప్త. రిస్కు ఎట్ల పసిగట్టాల్నో చెప్పేటప్పుడు, "అప్పు సంగతి ఆ ఇంటామెకు తెల్వాలె, అది చూసుకోండ్రి" అని ఒక మాట చెప్త. పిల్లలు గబగబ రాసుకుంటరు. ఎక్కడిది మేడం ఇది అని ఎవరన్న అడిగితె, "ఫీల్డ్ ఎక్స్‌పీరియన్స్" అంట. థూ.

ఇగ రెండో సంగతికొస్త. అన్నకు జీతం లేదు, రోజుకూలి. వారానికోసారి వోచరు రాసి, సంతకం పెట్టించుకుని ఇయ్యాలె. మొదటి శనివారం వోచరు ముందటేసుకుని ఆయన పేరు రాయబోయిన. అన్న గబుక్కున చెయ్యి అడ్డం పెట్టిండు.

"నా పేరొద్దు మేడం. పోయిన వారం నా పేరే రాసిన్రు. ఈ వారం మా తమ్మునిది రాయుండ్రి."

"నీ తమ్ముడేం పనిచేసిండు ఈడ?"

"వాడు బొంబాయిల ఉంటడు మేడం."

అప్పుడు సమజైంది నాకు. ఒకే మనిషి పేరు మీద ఏడాదిల ఇన్ని రోజులని నిండినయనుకో, ఆ మనిషికి నౌకరి అడిగే హక్కు వస్తది. హక్కు వస్తె అది మేనేజరు మెడకు చుట్టుకుంటది. అందుకని ఏ మేనేజరు ఆ రోజులు నిండనియ్యడు. ఒక వారం అన్న పేరు, ఒక వారం తమ్ముని పేరు, ఒక వారం భార్య పేరు, ఇంకో వారం అసలు తల్లి కడుపున పుట్టనే పుట్టనోని పేరు. పని చేసేది మాత్రం అన్ననే. నా ముందటోళ్ళు గట్లనే చేసిన్రు, నేను గూడ గట్లనే చేసిన.

వింత ఏందంటె, ఆ పనిల అన్న మస్తు హుషారు. ఒక్కో పేరుకు ఒక్కో దస్తూరి. తమ్మునిది వంకర టింకర. పుట్టనోనిది గుండ్రంగ, ముత్యాలే. భార్యకు సంతకం రాదు కద, ఆమె పేరొచ్చిన వారం తన ఎడమచెయ్యి బొటనేలు ఒత్తేటోడు. శనివారం రాంగనే నా టేబుల్ కాడికొచ్చి, చేతులు కట్టుకుని నిలవడేటోడు.

"ఈ వారం నేనెవరు మేడం?"

"ఈ వారం మీ ఇంటామె."

"అయితె ఇయ్యాల పోయి కూర గూడ నేనే వండాలె."

క్యాషియరు నవ్వేటోడు, క్లర్కు నవ్వేది, నేను నవ్వేదాన్ని. ఒక మనిషి పేరును వారం వారం తుడిసేసుకుంట ముగ్గురం కూసుని నవ్వినం. ఇప్పుడు యాదికొస్తె నా మీద నాకే రోత పుడ్తది.

ఒక్కసారి, ఒక్కసారే, నాకు మనసొప్పలే. "ఇగ చాలన్నా. ఇప్పటిసంది నీ పేరే రాస్త, ఏమైతదో కానీ" అని చెప్పిన. అన్న బెదిరిపోయిండు.

"వద్దు మేడం. ఆడిట్ల పట్టుకుంటరు. ఆడిపిల్ల, ఇప్పుడిప్పుడే పైకొస్తున్నరు. మీకు రిస్కు."

రిస్కు అనే మాట మా నోట్లెకెళ్ళి ఇని ఇని ఆయనకు పట్టువడ్డది.

"మరి నీ సంగతేంది?"

"నాదేమున్నది మేడం, మీరందరు లేరా? టైమొచ్చిన్నాడు మేనేజర్లంత నిలవడి చెప్పరా, గీ సంతకాలన్ని వీనియే అని? మీరే నాకు జమానతు."

జమానతు అంటె పూచీ. ఎవ్వనికి లోనియ్యాల్నన్నా మేం ముందుగాల అడిగేది అదే. అన్న మాత్రం ఒక్క కాగితం రాయించుకోకుంట మమ్మల్నందర్ని పూచీ కింద పెట్టుకుని, ఆ గద్దె మీద నిమ్మళంగ కూసున్నడు.

నేనున్న మూడేండ్లల నేనిచ్చిన లోను ఒక్కటి మునగలే. మీటింగుల నాకు శాలువ కప్పిన్రు, పటం కట్టిన సర్టిఫికెట్ ఇచ్చిన్రు, అండ్ల నా పేరు ఇంతింత అక్షరాలతోని. ప్రమోషనిచ్చి భూపాలపల్లికి ఏసిన్రు. నా సామాను డీసీఎం వ్యాన్ల ఎక్కిచ్చింది గూడ అన్ననే. బొగ్గుబాయి కార్మికుల జీతాల బ్రాంచి అది. ఎవరొచ్చినా కంప్యూటర్ల నంబరు కొడ్తె స్కోరొస్తది, స్కోరుంటె లోను. చాయ్ బయట డబ్బాల నుంచి కాగితం కప్పులల్ల వచ్చేది. పాలు ఎన్నడు పలగలే. లోన్లు మాత్రం మంచిగనే మునిగినయ్.

అన్న ప్రతి దసరకు ఫోన్ చేసేటోడు. "పాలపిట్ట కనవడ్డది మేడం, మీ పేరు మీద గూడ మొక్కిన" అనేటోడు. మొదటి రెండేండ్లు మంచిగ మాట్లాడిన. మూడో ఏడు ఎవరితోనో ముచ్చటల ఉండి కట్ చేసిన. మళ్ళ చేస్త అనుకున్న. చెయ్యలే.

తర్వాత జనగామ ఆఫీసుల రిస్కు సెక్షనుకొచ్చిన. బ్యాంకుకు ఏ దిక్కు నుంచి ముప్పు రావచ్చో ముందే కనిపెట్టి రాసుడు ఆడ పని. అన్న ఆడికొచ్చింది ఒక ఎండాకాలం. చెమటకు అంగి వీపుకు అతుక్కుని ఉన్నది. చేతిల పాలిథీన్ కవరు. మొఖం మాత్రం ఎలిగిపోతుండె.

"ఆర్డరొచ్చే తొవ్వ కనవడ్డది మేడం."

నేను గూడ చూసిన ఆ కాగితం. పాత టెంపరరీ వాళ్ళల్ల, ఇన్ని రోజులు పనిచేసినమని సొంత పేరు మీద చూపించుకున్నోళ్ళను పర్మనెంట్ చేస్తమని పైనుంచి వచ్చింది. ఆఖరు తారీఖుకు ఇంకా పదిహేను రోజులున్నది. అన్న కవర్లకెళ్ళి ఒక్కొక్కటి తీసి టేబుల్ మీద పెట్టిండు. జెండాపండుగ నాడు బ్యాంకు ముందట తాడు పట్టుకుని నిలవడ్డ ఫోటో. సర్పంచ్ రాసిచ్చిన కాగితం. సొంత పేరు మీదున్న వోచర్ల లెక్క. అది కావాల్సిన దాంట్ల సగం గూడ లేదు.

పాత మేనేజర్ల కాడికి పోయి వచ్చిండట. ఒకాయన మంచం మీదున్నడు, మనిషిని గుర్తువట్టలే. నాకు చార్జి ఇచ్చిన సారు గుర్తువట్టిండు గని, "ఆ వోచర్ల సంగతి నాకు యాదికి లేదు" అన్నడట.

"యాదికెట్ల లేకుంటది మేడం, సారు బిడ్డ పెండ్లికి పందిరేసిందే నేను" అని అన్న నవ్విండు. "పోనియ్. మీరొక్కలు రాసిస్తె చాలట. మీరున్న మూడేండ్లు ఆ పేర్లన్ని నేనే అని."

ఏం రాసియ్యాలె? మూడేండ్లు నేను దొంగ వోచర్లు రాసిన అని నా చేతులతోని నేనే రాసియ్యాలె. ఇంకో పది రోజులల్ల నాకు పెద్ద ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉన్నది.

చాయ్ తెప్పించిన. మాట దొరకనప్పుడు మనం చేసే పని అదే కద. కూసో అన్నా అని కుర్చీ చూపించిన. అన్న అటిటు చూసి, కుర్చీ అంచు మీద కూసున్నడు. నా ముందట ఆయన కుర్చీల కూసున్నది గదొక్కసారే. చాయ్ ఒక గుటక తాగిండు. గ్లాసులకు చూసిండు, నా మొఖం చూసిండు.

"పాలు మంచిగున్నయ్ మేడం."

ఊళ్ళె ఎవ్వరి విషయంల ఒక్కనాడు తప్పని మనిషి నా విషయంల తప్పుతుండని నాకు అప్పుడే ఎరుకైంది. ఆయనకు ఎరుకలే.

"ఇంటర్వ్యూ ఒక్కటి అయిపోనియ్ అన్నా. మర్నాడే రాసిస్త. జర ఓపిక పట్టు."

"అట్లనే మేడం. ముందుగాల మీది చూసుకోండ్రి. మీకు రిస్కు రావద్దు."

కాగితాలన్ని మళ్ళ కవర్ల పెట్టుకున్నడు. తాగిన గ్లాసు తీసుకపోయి, తనే కడిగి బోర్లిచ్చి పోయిండు.

ఇంటర్వ్యూల ముగ్గురు పెద్దలున్నరు. "పల్లె బ్రాంచిలల్ల ఎవ్వరు పట్టించుకోని రిస్కు ఒకటి చెప్పమ్మా" అన్నడు నడిమిట్లాయన. నేను ఆలోచన గూడ చెయ్యలే. నోట్లెకెళ్ళి ఊడివడ్డది.

"టెంపరరీ మనుషులు సార్. సరైన రికార్డు లేకుంట ఏండ్లకేండ్లు పెట్టుకుంటున్నం. రేపు వాళ్ళు కోర్టుకు పోతె బ్యాంకుకు ముప్పు."

ముగ్గురు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. "వెరీ గుడ్" అన్నడు నడిమిట్లాయన.

ఇంటర్వ్యూ అయిన మర్నాడు అన్న కోసం కాగితం తీసి, పెన్ను పట్టుకున్న. రిజల్టు రానియ్ అనుకున్న. రిజల్టొచ్చినంక, ఆర్డరు చేతికి రానియ్ అనుకున్న. నా ఆర్డరొచ్చింది. అన్నకు ఆఖరు తారీఖు ఆ మధ్యల ఎప్పుడో పోయింది. ఆ తారీఖు నాడు అన్న ఫోన్ చేసిండు. మోగుతుంటె చూసుకుంట కూసున్న, ఎత్తలే.

ఇంకొకటున్నది, అది గూడ చెప్పాలె. "ఇంటర్వ్యూల మంచిగ చెప్పినవ్ కదమ్మా, దాని మీద నోటు నువ్వే తయారుచెయ్యి" అన్నరు పైనోళ్ళు. చేసిన. రెండు పేజీలు. టెంపరరీ వాళ్ళను ఆపెయ్యాలె, ఆ పని ఏజెన్సీకి అప్పజెప్పాలె అని. ఎక్కడ ఒక్క మనిషి పేరు రాకుంట, చక్కటి ఇంగ్లీషుల. ఏరు దాటి తెప్ప తగలవెట్టుడు అంటరు. నేను తగలవెట్టింది చాలక, ఎట్ల తగలవెట్టాల్నో అందరికి రాసి పంపిన.

ఆ నోటు మీదనే అన్నను సోమవారం సంది రావద్దన్నరు. అయినా వచ్చిండట. వారం రోజులు పొద్దుగాలొచ్చి, షట్టరు ముందట ఊడ్చి, మెట్ల కింద కొంచెంసేపు నిలవడి పోయేటోడట. "నువ్వు గిట్ల నిలవడితె మాకు పరేషాన్ అన్నా" అని మేనేజరు చెప్పినంక రాలే. తర్వాత వడ్ల కాంట కాడ బస్తాలు మోసే పనికి పోయిండు, ఆ వయసుల. ఆడ్నే బస్తా కింద పడిపోయిండట. మహబూబాబాద్ దవాఖానకు తీసుకపోయేలోపట్నే పానం పోయింది.

దినాలైనంక పోయిన. అంతకన్న ముందు పోయే ధైర్యం లేకుండె.

అన్న భార్య నన్ను చూసి ఏడ్వలే, తిట్టలే. పీటేసింది. లోపలికి పోయి చెంబుల నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, లోపలికి పోలే. ఆడ్నే నిలవడ్డది. ఆమెకు అన్నీ ఎరుకే.

"మీ బ్యాంకుల నేను గూడ పనిచేసిన్నట కద మేడం," అన్నది. "నెలకొక వారం. ఆయన చెప్పి చెప్పి నవ్వేటోడు."

నేను రెండు గుటకలు తాగి, చెంబు కింద పెట్టిన.

అన్న ఖాతాల ఉన్న నాలుగు రాళ్ళు ఆమెకు రావాల్నంటె ఫారం నింపాల్నట. నింపేటోళ్ళు దొరుకుతలేరట. "మీరొస్తరా జర" అన్నది. ఇద్దరం కలిసి బ్యాంకుకు నడిచినం.

అద్దాల తలుపు పెట్టిన్రు. తువ్వాల దెబ్బలు తిన్న మిషన్ లేదు, జనరేటరు పక్కన గద్దె లేదు. ఉన్నోళ్ళల్ల ఎవ్వరికి మేమెవరమో తెల్వదు. కొత్త మేనేజరు నేను పెద్దాఫీసు మేడమని తెలిసి లేచి నిలవడ్డడు, కుర్చీలేయించిండు. అన్న భార్య కూసోలే. నేను ఫారం నింపుకుంట పోయిన. 'చనిపోయినవారి పేరు' అని ఉన్న కాడ అన్న పేరు రాసిన, పూర్తి పేరు. గబుక్కున చెయ్యి అడ్డం పెట్టేటోడు లేడు ఇప్పుడు.

దాని కింద గడి, చనిపోయినవారి వృత్తి.

పెన్ను ఆగింది. బ్యాంకు ఉద్యోగి అని రాయాలె. రాస్తె ఏమైతది, సచ్చినోని ఫారం ఎవరు తిరిగి చూస్తరు? ఒక్క కాగితం మీదన్న ఉంటది కద. రాయి, రాయి అని మనసు కొట్టుకుంటనే ఉన్నది. కాని, రేపు ఎవరన్న తీసి, ఏ ఆధారంతోని రాసినవ్ మేడం అని అడిగితె? ఇన్నేండ్లు రిస్కు సెక్షన్ల పనిచేసినదాన్ని కద, నాకు ముందు వచ్చేది గదే ఆలోచన.

"ఏమైంది మేడం?" అన్నది ఆమె.

"అన్న ఏం పని చేసేటోడని అడుగుతుండ్రు వదినె, ఫారంల."

ఆమె ఫారం దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. నాలుగు మాటలు తిట్టినా బాగుండు.

"కూలి అని రాయుండ్రి మేడం," అన్నది మెల్లగ. "ఇంకోటి రాస్తె మీకు రిస్కని ఆయన చెప్పేటోడు."

రాసిన. కూలి అని రాసిన.

ఆమె సిరాల బొటనేలు ముంచి ఒత్తింది. ఈసారి ఆ ఏలు ఆమెదే. కొత్త మేనేజరు ఫారం అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని, "అన్ని కరెక్టున్నయ్ మేడం" అన్నడు.